గూడ్సు కింద దూరిన పేజీ

అక్కా,

ముందుగా నీ కాళ్లకు దండం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, బుజ్జిది ఎలా ఉన్నారు? పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? అక్షరాలు వంకర పోయాయని కంగారుపడకు. కుడిచెయ్యి వాచింది, అంతే. ఎక్స్‌రే తీయించాను, ఎముకకేమీ కాలేదు. ఒక పసిపిల్లను కొట్టి వాచింది. ఫోన్లో చెప్పబోతే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను.

విశాఖ ఉక్కపోత సంగతి నీకు చెప్పినా తెలియదు. మన ఆదోని ఎండ మాడుస్తుంది, ఇక్కడిది నానబెడుతుంది. నా గది పోర్టుకు పోయే పట్టాల పక్కనే. బొగ్గు వ్యాగన్లు పోయాయంటే తీగ మీద ఆరేసిన తెల్ల చున్నీ నల్లగా తయారవుతుంది. పొద్దునా చేపలే, రాత్రీ చేపలే. తింటున్నాలే, చిక్కిపోలేదు. కానీ జొన్నరొట్టె మీదికి ప్రాణం పోతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే శెనక్కాయల పొడి పంపు, మరిచిపోకు.

ఆఫీసు మధురవాడలో. చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు వేస్తారు. నాకిచ్చింది రైళ్ల పుస్తకం. ఒక గూడ్సు బండి పోర్టులో బొగ్గు నింపుకుని ఉక్కు ఫ్యాక్టరీ దాకా పోతుంది, అదే కథ. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ.

ఆ గూడ్సే మా వీధి చివర అడ్డంగా ఆగుతుంది. ఆగిందంటే ఎంతకీ కదలదు. బడేమో పట్టాలకు అవతల. పిల్లలు వ్యాగన్ల కింద నుంచి దూరిపోతారు. దూరుతూ దొరికిన పిల్లను ఈ వీధిలో ఏ ఆడదైనా కొట్టొచ్చు. ఎవరి గుంట అని చూడరు, ఇక్కడ పిల్లను గుంట అంటారు. కన్నతల్లి కూడా అడ్డుపడదు. అందరికంటే ఘోరం ఎదురింటి నూకాలు. చేపలమ్ముతుంది. ఆమెకు ఎడమ పాదం లేదు. షుగరొచ్చి తీసేశారేమో అనుకున్నాను. చంకకర్రతోనే బాదేది. ఒకరోజు చూడలేక "గొడ్డును బాదినట్టు బాదుతావేం?" అని మీదికి పోయాను.

"నీకేటి తెల్సు? నోర్మూసుకుని బొమ్మలేసుకో" అంది.

ఒళ్లు మండిపోయింది. పిల్లల మీద చెయ్యెత్తేవాళ్లంటే నాకెందుకు పడదో నీకు తెలుసు.

ఆ కసితోనే ఒక పేజీ వేశాను. వ్యాగన్ కింద పిల్లలు పెళ్లిపందిరి కింద ఆడుకున్నట్టు పాకుతుంటారు. చక్రాలకు కళ్లు పెట్టాను, నవ్వు పెట్టాను. అందరికంటే ముందున్న పిల్లకు నూకాలు కూతురు పైడి ముఖం, పైడి ఎర్ర గౌను. ఆఫీసులో మా మేడమ్ చూసి మురిసిపోయింది. పైడికి ఒక ప్రింటు తీసిచ్చాను. అది దాన్ని వీధంతా చూపించుకుంటూ తిరిగింది.

ఆ సాయంత్రం నూకాలు నా తలుపు కర్రతో నెట్టుకొచ్చింది. బల్ల మీది బొమ్మను అడ్డంగా చింపేసింది. రంగుల సీసాలన్నీ ఒక్క ఊపున కిందికి తోసింది. నేను చెయ్యి పట్టుకోబోతే కర్రతో భుజం మీద కొట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి. నేనేమన్నా తక్కువదాన్నా? ఆమె జుట్టు పట్టి లాగాను. ఇద్దరం రంగుల్లో పడి దొర్లాం. నా చెంప గీరింది, నేను చెయ్యి కొరికాను.

"ఈ కాలెలా పోయిందో తెల్సేటే నీకు?" అని చీర పైకి లాగింది. "నానూ నీ బొమ్మలో గుంటలాగే నవ్వుకుంట దూరినాను. కొట్టినోలు లేకపోయారు!"

పట్టుకున్న జుట్టు వదిలేశాను. అంతలో ఇంజను కూత వేసింది. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు వరసగా మా వీధి దాకా వచ్చింది. కదలబోయే ముందు అలాగే కుదుపుతుంది.

"నా గుంటేదే! ఓలమ్మో, నా పైడేదే!" అని నూకాలు నేల మీద పాకుతూ అరిచింది. కర్ర ఎక్కడో పడిపోయింది.

పరిగెత్తాను. పైడి వ్యాగన్ కిందే ఉంది అక్కా. మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో ప్రింటు పట్టుకుని, అవతలి పిల్లలకు "సూడండే, అచ్చం బొమ్మలోలాగే!" అని చూపిస్తోంది. కాలు దొరికితే కాలు పట్టుకుని ఈడ్చాను. కంకర మీద దాని వీపంతా చెక్కుకుపోయింది. చక్రం ప్రింటు మీదుగా పోయింది.

బతికిందని తెలిశాక కొట్టాను. ఒక దెబ్బ కాదు. పెదవి చిట్లింది, అయినా ఆగలేదు. పిల్ల ఏడుపు వినబడుతోంది, నా చెయ్యి మాత్రం నా మాట వినడం లేదు. చివరికి నూకాలే పాక్కుంటూ వచ్చి నన్ను నడుం దగ్గర వాటేసుకుని ఆపింది.

"సాలే, సాలు. ఒగ్గెయ్. సచ్చిపోద్ది గుంట."

ముగ్గురం పట్టాల పక్కనే కూర్చుని ఏడ్చాం. రాత్రి నూకాలే నా చేతికి నూనె రాసింది, చేపల పులుసు తెచ్చింది. భుజం మీద తన దెబ్బ చూసి "బాగానే పడ్డాది" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

పేజీ మళ్లీ వేశాను. ఆగిన గూడ్సు, దాని ముందు కర్ర ఎత్తి నిలబడిన నూకాలు, వెనక పిల్లలు. పిల్లల పుస్తకంలో ఈ కొట్టుడేమిటని మేడమ్ ముఖం మాడ్చుకుంది. అయితే ఆ రైలునే తీసేయండి అన్నాను. ఇంకా తేలలేదు. ఉద్యోగం పోతే పోనీ, ఇంటికొస్తే నాకొక ముద్ద పెట్టవా?

రెండు రోజులు నా ముఖం చూడని పైడి నిన్న వాచిన పెదవితో వచ్చింది. ఇక్కడ అక్కను అప్ప అంటారు.

"అప్పా, నన్ను కొట్టింది నువ్వు కదా, మాయమ్మ బొమ్మేసినావేటి?" అంది.

సరేనని నూకాలును చెరిపేసి నన్ను వేయడానికి కూర్చున్నాను. ఎత్తిన చెయ్యి వచ్చింది, రేగిన జుట్టు వచ్చింది. ముఖం దగ్గరికొచ్చేసరికి నీ ముఖమే వచ్చింది. కాలువ గట్టు మీద నన్ను నీళ్లలోంచి లాగి, చింతబరికె విరిగేదాకా కొట్టిన రోజున నీ ముఖం ఎలా ఉందో అచ్చం అలాగే. అప్పుడు నువ్వు ఏడుస్తున్నావని నాకిప్పుడే కనబడింది.

"ఇదెవులు?" అంది పైడి.

"మా అప్ప" అన్నాను.

ఆ దెబ్బలకు నీ మీద కోపం పూర్తిగా పోలేదు. సగం పోయింది. మిగతా సగం వచ్చినప్పుడు నీతో పోట్లాడి తీర్చుకుంటాను.

బావకు నమస్కారాలు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. బుజ్జిదాన్ని కాలువ వైపు పోనివ్వకు. నీ చల్లని చెయ్యి నా నెత్తిన ఉండాలి.

నీ చెల్లెలు,
సరళ