మొదటి ఉప్పు

1958 ఫిబ్రవరి 11

ఉరి పడింది.

జడ్జి ఇంగ్లీషులో చదివాడు. గుమాస్తా తమిళంలో చెప్పాడు. మా అత్త కుప్పమ్మాళ్‌కి చెవుడు, ఆమె చెవిలో మన తెలుగులో నేను చెప్పాను. ఆమె రెండు చేతులూ ఎత్తి జడ్జికి దండం పెట్టింది. ఆయన అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. ఉత్త కుర్చీకి పెట్టినట్టయింది.

బోనులో యేసుదాస్ తల ఎత్తలేదు. నా మొగుణ్ణి నరికినవాడి మొహం ఆ మాట వినగానే ఎలా మారుతుందో చూద్దామనే లీవు పెట్టి మరీ వెళ్ళాను. చూడనివ్వలేదు.

బస్ స్టాండులో అత్త వడలు కొనిచ్చింది. సిగ్గు లేకుండా తిన్నాను. పళనివేల్ పోయాక కడుపు నిండా తినడం ఇదే.

ఫిబ్రవరి 12

మా తాత బైబిలు పట్టుకుని ఊరూరా తిరిగినవాడు. ఆయన ఒళ్ళో కూచుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. బడిలో అంతా తమిళమే. ఈ మిల్లు ఇళ్ళ లైన్‌లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళూ లేరు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. స్ట్రైకులో మిషన్ల బెల్టులు కోసిందెవరని మేనేజర్ అడిగితే పళని యేసుదాస్‌ని చూపించాడు. యేసుదాస్‌కి పని పోయింది. చిన్నప్పట్నుంచీ ఇద్దరూ ఒకే సైకిల్ మీద తిరిగినవాళ్ళు. అప్పుడు యేసుదాస్ పెళ్ళాం పొన్ను నిండు చూలాలు. పళని చేసింది తప్పే. మాట్లాడ్డం మానెయ్యొచ్చు, నలుగురిలో చెప్పు తీసుకుని కొట్టొచ్చు. కత్తి పట్టుకుని రైల్వే గేటు దగ్గర కాచుకుంటారా ఎవరైనా?

మార్చి 3

పొన్ను మిల్లులో నూలు చుట్టే రీలింగ్‌లో పనికి చేరింది. బిడ్డను ఎక్కడ పెడుతుంది? మిల్లు పిల్లల గదిలో. అక్కడ ఆయా ఎవరు? నేను.

పిల్లలు లేనిదానికి పిల్లల గది ఇచ్చారని ఒకప్పుడు లైన్‌లో నవ్వేవాళ్ళు. ఈరోజు ఎవరూ నవ్వలేదు. పొన్ను గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు, తిరిగీ పోలేదు. పనికి రమ్మని మిల్లు సంగు ఊదేసింది. మూల ఊయల చూపించాను. బిడ్డను అందులో వేసి పరుగెత్తింది.

ఆడపిల్ల. మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోయాక పుట్టింది. అచ్చం యేసుదాస్ ముక్కు.

మార్చి 4

ఏడ్చింది. ఊపాను. అది నా పని, దానికే జీతం ఇస్తున్నారు.

ఏప్రిల్ 20

కొళాయి దగ్గర బిందెల కన్నా ముందు కోర్టు నిలబడుతోంది. హైకోర్టు ఉరి రద్దు చేసి జన్మఖైదు వేస్తే ఎలా ఉంటుందని పంచాయితీ. జైల్లో పొద్దున్నే కూడు పెడతారట, దుప్పటి ఇస్తారట, మన మిల్లు కన్నా నయమని ఒకతె. తలుపుకు బయట గొళ్ళెం వేసి పరమాన్నం పెట్టినా నీకు దిగుతుందా అని ఇంకొకతె. ప్రాణానికి ప్రాణమే న్యాయమని ఒకతె. అయితే పళని లేచొస్తాడా అని మరొకతె. నన్ను చూసి అందరూ నోరు మూసుకున్నారు. 

నా మటుకు నాకు ఉరే సరి. జన్మఖైదంటే పద్నాలుగేళ్ళకు వదిలేస్తారట. అప్పుడు ఇదే కొళాయి దగ్గర ఎదురుపడతాడు. నేను బిందె పట్టుకుని పక్కకు జరగాలా?

జూన్ 6

హైకోర్టు కూడా ఉరే అంది. ఇంక గవర్నరే దిక్కు.

అత్త పళని పటానికి కర్పూరం వెలిగించింది. నేను వడలు తినలేదు ఈసారి. ఎందుకో ఆకలి వేయలేదు.

జూన్ 16

కొంప మునిగింది.

మా ఇళ్ళల్లో సగం చర్చికి పోతారు, సగం కోయిల్లో దేవుడికి మొక్కుతారు. రెండు పక్కలవాళ్ళూ వదలని ఆచారం ఒకటుంది. బిడ్డకు ఉప్పు తగిలే మొదటి ముద్ద మేనత్త పెట్టాలి. అప్పటిదాకా పాలు, ఉప్పు లేని జావ. మేనత్త లేకపోతే ఎవరినైనా పిలిచి పెట్టిస్తారు. పెట్టినామె ఆ క్షణం నుంచి ఆ బిడ్డ తండ్రికి తోబుట్టువు.

యేసుదాస్ చెల్లెలు మదురైలో ఉంది. ఖూనీ చేసినవాడి బిడ్డకు నేను ఉప్పు పెట్టనని కబురు చేసింది. వేరే ఎవరూ ముందుకు రాలేదు. తోటి పిల్లలంతా సాంబారన్నం తింటుంటే పొన్ను బిడ్డ మాత్రం జావ తాగుతూ చీపురుపుల్లలా ఉంది.

ఈరోజు రీలింగ్‌లో ఏదో చిక్కు. పాలిచ్చే వేళకు తల్లులెవరినీ వదల్లేదు. గదిలో పిల్లలంతా ఒకటే రాగం. నేను మజ్జిగన్నం కలుపుకుని కూచున్నాను. ఒళ్ళో ఒకడు, భుజం మీద ఒకతి, వచ్చిన నోట్లో వచ్చినట్టు వేలితో ఇంత పెడుతున్నాను. రోజూ చేసే పనే. మోకాలు పట్టుకుని ఒకతి లేచింది. దాని నోట్లోనూ పెట్టాను. పెట్టాక చూశాను ముక్కు.

నోట్లో వేలు పెట్టి లాగబోయాను. మింగేసింది. పైగా పెదాలు చప్పరించి మళ్ళీ నోరు తెరిచింది. గుమ్మంలో పాల కోసం వచ్చిన తల్లులు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు పొన్ను.

పొన్ను లోపలికి వచ్చి బిడ్డనెత్తుకుని పాలిచ్చింది. 

జూన్ 17

మా కులం పెద్దమనిషి ఇరుళప్పన్ ఇంటికి వచ్చాడు. పొరపాటున పెట్టానన్నాను. ఉప్పు ఎవరి చెయ్యని చూస్తుంది కానీ మనసులో ఏముందని చూడదన్నాడు.

రెండు దారులున్నాయట. వచ్చే నెల ఆడి మాసం పుట్టాక మొదటి శుక్రవారం కోయిలు ముందు ఉప్పు కుండ పగలగొట్టి నీళ్ళు పోస్తే ఆ ముద్ద పెట్టనట్టే. కానీ ఆ తర్వాత నేను ఆ బిడ్డను ముట్టుకోకూడదు, ఊయల కూడా ఊపకూడదు. లేదంటే నేను ఆ ఇంటి ఆడపడుచును. తోడబుట్టినవాడు ఉరికంబం ఎక్కుతుంటే చేతులు కట్టుకుని కూచున్న ఆడపడుచు మన కులంలో లేదన్నాడు. గవర్నరుకు పంపే దయా అర్జీ యేసుదాస్ లాయరు దగ్గరుంది, దాని మీద సంతకం పెట్టాలి.

అత్తకు ఇదంతా నేనే చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. ఇంతకన్నా పాడు పని నేను చేయలేదు. కుండ నేనే కొనుక్కొస్తానంది.

జూన్ 30

లాయరు లైన్ దాకా వచ్చాడు. చట్టం ప్రకారం నా సంతకం అక్కర్లేదట. కానీ పోయినవాడి పెళ్ళామే ప్రాణం తీయొద్దంటే పైవాళ్ళు ఆగి చదువుతారట. ఉరి వేశాక మనసు మారితే ఎవరూ ఏమీ చేయలేరు, జైలు తలుపుకైతే తాళంచెవి ఉంటుందన్నాడు. మంచివాడే. కానీ ఆయన ఇంట్లో ఎవరూ నరుక్కోబడలేదు.

అత్త అంది, నీకు మొగుడు పోయాడు, నాకు కడుపున పుట్టినవాడు పోయాడు, రెండూ ఒకటి కాదమ్మాయీ అని. అబద్ధమని ఎలా అనను?

జూలై 9

పొన్ను అడగదు. అదే నా కర్మ. కాళ్ళ మీద పడితే తన్ని పంపేదాన్ని. పొద్దున బిడ్డను ఊయలలో వేస్తుంది, సంగు ఊదాక తీసుకుపోతుంది. ఈరోజు మాత్రం ఒక మాట అంది. యేసుదాస్ నన్ను చూడాలన్నాడట.

ఛీ అన్నాను. ఇంటికొచ్చాక లీవు చీటీ రాశాను.

జూలై 14

సెంట్రల్ జైలు. లాయరు ఏర్పాటు చేశాడు. గేటు దగ్గర వార్డర్ ఖైదీకి ఏమవుతావని అడిగాడు. పొన్ను నా మొహం చూసింది. అక్కనన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది.

చిక్కిపోయాడు. కటకటాలు పట్టుకోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సంతకం పెట్టొద్దక్కా అన్నాడు. నాకు తూక్కే మేలు, ఉరికంబం ఎక్కి తొందరగా పోనీ అన్నాడు. కళ్ళు మూస్తే పళని వచ్చి పక్కన కూచుంటాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. పళని నా కలలోకి ఒక్కసారీ రాలేదు. ఎన్నిసార్లు ఏడ్చి పడుకున్నాను. రాలేదు. వీడి దగ్గరికి రోజూ పోతున్నాడా?

వచ్చి ఏమంటాడని అడిగాను. ఆ రోజు రైల్వే గేటు దగ్గర అన్న మాటే అంటాడట. ఏం మాట? చెప్పడు. వార్డర్ టైమయిందన్నాడు. చెప్పకపోతే సంతకమే కాదు, నీ బిడ్డ మొహం కూడా చూడనన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆ సాయంత్రం కాచుకున్న చోటి నుంచి వీడు పరుగెత్తుకుంటూ వస్తుంటే పళని చూసి సైకిల్ ఆపాడట. దిగి ఎదురొచ్చాడట. పొన్నుకి నొప్పులొచ్చాయేమిరా, బండి మాట్లాడనా అని అడిగాడట. అప్పటికే కత్తి లేచిపోయిందట.

కోర్టులో ఈ మాట ఎవరూ అడగలేదు. వీడూ చెప్పలేదు. పొన్ను నేల మీద కూలబడింది. దాన్ని లేపి బస్సెక్కించింది నేనే.

నా పళని అంత మంచివాడు. మేనేజర్‌కి వేలెత్తి చూపించిందీ వాడే, బండి తెస్తానన్నదీ వాడే.

జూలై 15

సంతకం పెట్టాను. తెలుగులో. అంజలమ్మ, పళనివేల్ భార్య.

పళని ఆఖరి మాట విన్న చెవులు లోకంలో ఆ రెండే. వాటిని మట్టిలో కలిపేస్తే ఆ మాటా పోతుంది. అదొకటి. రెండోది, ఉరి కావాలని వాడే అడుగుతున్నాడు. వాడడిగింది నేనెందుకివ్వాలి? బతకనీ. పళని రోజూ వచ్చి, పొన్నుకి నొప్పులొచ్చాయేమిరా అని అడగనీ. రోజూ జవాబు చెప్పుకోనీ.

మూడోది ఆ పిల్ల. దాని సంగతి రాయలేను.

ఇది దయో పగో నాకే తెలియదు. లాయరు దయ అని రాసుకున్నాడు. రాసుకోనీ.

పళని ఆఖరి మాట అత్త చెవిలో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. ఏడవలేదు. సంతకం పెట్టానని కూడా చెప్పాను. లేచి వెళ్ళి మూడు ఇటుకలు తెచ్చి గదిలో ఇంకో మూల పెట్టింది. ఇంక తన పొయ్యి వేరు.

జూలై 18

ఈరోజు ఆడి మొదటి శుక్రవారం. ఇరుళప్పన్ కోయిలు దగ్గర కాచుకున్నాడట. అత్త కొన్న కుండ పట్టుకుని అత్త కూడా. నేను మిల్లులో మూల ఊయల ఊపుతున్నాను.

సెప్టెంబరు 2

ఒక గదిలో రెండు పొయ్యిలు. కళ్ళు మండిపోతున్నాయి. ఆమె కళ్ళూ మండుతున్నాయి. ఇద్దరం పొగ వల్లే అనుకుంటున్నాం.

అక్టోబరు 21

గవర్నరు ఉత్తరువు వచ్చింది. ఉరి లేదు, జన్మఖైదు.

పొన్ను వార్త విని రీలింగ్ నుంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి నిలబడింది, ఏం చేయాలో తెలియక బిడ్డ ముక్కు తుడిచింది. నాకు సంతోషం లేదు. గుండెల మీంచి ఏదో దించినట్టుంది, అంతే. కొళాయి దగ్గర ఒకతె నా మొహం మీదే ఉమ్మినంత పని చేసింది. ఇంకొకతె నా బిందె మోసుకొచ్చి ఇంట్లో పెట్టింది. 

అత్తకు చెవిలో చెప్పాను. వినిపించలేదన్నట్టు కూచుంది. వినిపించింది, నాకు తెలుసు.

1959 ఫిబ్రవరి 8

నాకు జ్వరం. పిల్లను పొన్ను మా గడపలో వదిలి కషాయం కాచడానికి పోయింది. అది తప్పటడుగులు వేస్తూ తిన్నగా అత్త పొయ్యి దగ్గరికే పోయింది. అరిచే ఓపిక లేక చూస్తూ పడుకున్నాను. అత్త దాన్ని రెక్క పట్టి లాగి ఒళ్ళో కూచోబెట్టుకుంది. కాలుతుందే పాడుముండా అని తిట్టింది. చాలాసేపు ఒళ్ళోంచి దించలేదు.

ఫిబ్రవరి 15

అత్త నా చేతి కూడు తింది. ఉప్పు చాల్లేదని తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

1971 నవంబరు 19

వచ్చాడు.

జైలు నుంచి వదిలిన యేసుదాస్‌ని పిల్లే చెయ్యి పట్టుకుని మా గడప దాకా తీసుకొచ్చింది. జుట్టంతా నెరిసింది. పళని పటం పక్కన ఇప్పుడు అత్త పటం. రెండింటినీ చూసి నిలబడిపోయాడు. కూచోమన్నాను. కూడు పెట్టాను. ఉప్పు వేయలేదు. కావాలని వాడూ అడగలేదు. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

పళని ఇంకా వస్తున్నాడా అని అడిగాను. తల ఊపాడు.

వాడి కంచం కడిగి మా కంచాల్లోనే బోర్లించాను.