కాగులో కనపడని ముఖం

హర్డాంగర్, నార్వే,
నవంబరు

గున్‌వోర్ అక్కకి,

క్రిస్మస్ బీరు ఇంకా మొదలుపెట్టలేదు. కట్టెలు తడిగా ఉన్నాయని ఇంట్లో అబద్ధం చెప్పాను.

జూనిపర్ రెమ్మలు వేసి మరిగించిన నీళ్ళలో, ఆవిరి పలచబడి మన ముఖం కనపడగానే వాటిని మాల్టు మీద, ఆ మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మీద, పోయాలని కదా అమ్మ నేర్పింది. అంతకంటే వేడైనా, చల్లారినా తీపి దిగదు. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీళ్ళు కాచి, కాగు మీదికి వంగి ఎంతసేపు చూశానో. తెల్లటి మసకే తప్ప ముఖం రాలేదు. చివరికి వేలు పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఆవిరి ఎప్పుడో పోయింది. ఆ మసక నా కళ్ళలోనే ఉందక్కా.

నాకు చాలా భయంగా ఉంది. కోడలు సీగ్రున్ పోయినేడే థర్మామీటర్ కొంటానంది. "నా ముఖం ఉండగా ఆ గాజుపుల్ల ఎందుకే?" అని అందరి ముందూ నవ్వాను. ఇప్పుడు అడిగితే పసిగట్టేస్తుంది. ఇక నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వరు.

శనివారం పడవకి రా. ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పు. కాగు దగ్గర నా పక్కనే నిలబడి, నీ ముఖం కనపడగానే నా చెయ్యి నొక్కు. నేను పోస్తాను.

ఆ తరవాత నా కళ్ళలోకి కూడా ఒకసారి చూడు. అక్కడేం కనపడిందో మాత్రం పండగ వెళ్ళాక చెప్పు.

నీ చెల్లెలు