బెంచీ మీద కెప్టెన్

సిమేయ్, సింగపూర్

ప్రియమైన అమ్మకు,

ప్రసన్న నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ "బాగానే" అన్న మాట దగ్గర నువ్వు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదువుతావని తెలుసు. నువ్వూ నాన్నగారూ కులాసా అని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావేమో! ఫోన్‌లో నేను రెండు మాటలు అనేలోపు రిఫరీలా విజిల్ ఊది ఆపేస్తావు. ఈసారి నన్ను చివరిదాకా చెప్పనివ్వాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఏటా కాలేజీ మారిపోతున్నారట, నిజమేనా అని అడిగావు. నిజమే. పోయిన సంవత్సరం నేను పేరు పేరునా నేర్చుకున్న జట్టులో ఈ ఏడాది ఇద్దరే మిగిలారు. అయినా మార్చి టోర్నమెంటు వచ్చేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఆఖరి విజిల్ మోగాక పిల్లలు జెర్సీలో మొహం దాచుకుని ఏడుస్తారు చూడు, అది ప్రొఫెషనల్ లీగులో కనిపించదు. అక్కడ ఈ రోజు ఓడినా ఎల్లుండి ఇంకో మ్యాచ్ ఉంటుంది.

అలాగని ప్రొఫెషనల్ ఆటను నీలాగా తీసిపారేయలేను. ఆ బంతి పంపకాలు, అరక్షణంలో ఖాళీ కనిపెట్టే ఆ కళ్లు కాలేజీ పిల్లలకు ఎక్కడివి? "ఒంట్లో నలతగా ఉందని గుమాస్తాల్లా సెలవు పెట్టేవాళ్లు ఆటగాళ్లేంటే!" అని రాశావు. ఆ మాట మీద మనిద్దరం ఎన్నేళ్లుగా నవ్వుకున్నామో! ఈసారి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

నా ఆరోగ్యం అడిగావు. జబ్బేమీ లేదు, నిలకడే లేదు. నిన్న పొద్దున ఆఫీసుకు వెళుతూ ఎక్స్‌పో స్టేషన్‌లో దిగడం మరిచిపోయి ఎయిర్‌పోర్టు దాకా పోయాను. ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ పోయానంటే అర్థముంది. ఫోన్ సంచిలోనే ఉంది. సూట్‌కేసుల వాళ్ల మధ్య నిలబడి, నేనెక్కడికి బయలుదేరానో కాసేపు తోచలేదు. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి పోతాను. ఎదుటి బ్లాకు కింద కోర్టులో ఎవరో బంతి కొడుతుంటారు. ఆ చప్పుడు వినలేక లోపలికి వస్తాను, వినకుండా ఉండలేక మళ్లీ బయటికి పోతాను. మీ అల్లుడు ఆకాష్ "ఒక చోట కూర్చోవోయ్, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంటాడు.

ఇక నీ అసలు ప్రశ్న. "నా మనవరాలు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? కాలేజీ ఫైనల్ ఆడనివ్వని ఆ జ్వరం అంత తీవ్రమా?" అని అడిగావు.

అమ్మా, అనన్యకు జ్వరం రాలేదు. నీతో అబద్ధం చెప్పాను.

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు అది మెట్లు దిగుతుంటే చూశాను. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే, ఎడమ కాలు ముందు పెట్టి దిగుతోంది. నన్ను చూడగానే చెయ్యి తీసేసి మామూలుగా నడవబోయింది. లోపలికి తీసుకువెళ్లి చూస్తే మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది.

"నథింగ్ లా అమ్మా. లిటిల్ బిట్ పెయిన్ ఓన్లీ. ఫైనల్ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్దాం, ప్రామిస్" అంది తన సింగపూర్ యాసలో.

"ముందే వెళ్దాం" అన్నాను.

"నో! కాలు కొంచెం నొప్పి అని అమ్మమ్మకి చెప్పాను. గట్టిగా కట్టు కట్టుకుని ఆడెయ్యవే, ఫైనల్ మళ్లీ రాదు అంది. అమ్మమ్మ ఆడింది కదా. ఎవ్రీ టైమ్ యూ టెల్ మీ దట్ స్టోరీ!"

నిజమే, ఆ కథ దానికి ఉగ్గుపాలతో పోసింది నేనే. యూనివర్సిటీ ఫైనల్లో మోకాలు మెలికపడితే, నువ్వు చీర చింపి కట్టుకుని మళ్లీ కోర్టులోకి దిగి కప్పు తెచ్చిన కథ. పదిహేడేళ్ల పిల్ల ఇంకేం చేస్తుంది? అది జట్టుకు కెప్టెన్ కూడా.

ఆకాష్ "దాని ఇష్టం, ఒక్క మ్యాచే కదా" అన్నాడు. నాకు మనసు ఊరుకోలేదు. ఫైనల్‌కి ముందు రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, దానికి చెప్పకుండా వాళ్ల కాలేజీకి వెళ్లాను. వాళ్ల కోచ్ మిస్ లిమ్ ఒంటరిగా బంతులు సర్దుకుంటోంది. కోర్టు గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి లోపలికి పోయి మోకాలి సంగతి చెప్పేశాను.

ఆవిడ చేతిలో బంతి కింద పెట్టి, "మిమ్మల్ని చెప్పమన్నది అనన్యేనా?" అని అడిగింది.

"కాదు."

"తెలిస్తే మిమ్మల్ని క్షమించదు, తెలుసా?"

"తెలుసు."

ఆవిడ ఒక్కొక్క బంతినే సంచిలో వేసి మూతి బిగించింది. చివరికి, "ఆమె లేకపోతే ఓడిపోతాం ఆంటీ. బట్ నౌ ఐ నో. హౌ టు ప్లే హర్?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నేను తల దించుకున్నాను.

ఫైనల్ రోజు మన పిల్ల జాకెట్ వేసుకుని బెంచీ మీద కూర్చుంది. కోచ్‌కి చెప్పింది నేనేనని దానికి అప్పటికే తెలుసు, నావైపు ఒక్కసారీ చూడలేదు. విరామం దొరికినప్పుడల్లా తోటివాళ్లకు నీళ్ల సీసాలు అందించింది, గొంతు పోయేలా అరిచింది. చివరి క్షణాల్లో బంతి అనన్య స్థానంలో ఆడుతున్న జూనియర్ పిల్ల చేతికి వచ్చింది. ఆ పిల్ల వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి బయటికి పడింది. ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయాం. ఆ పిల్ల కోర్టు మధ్యలో కూలబడిపోతే అనన్య కుంటుకుంటూ వెళ్లి లేవనెత్తి, తన జాకెట్ దాని భుజాల మీద కప్పింది. అమ్మా, నేను చూసిన అన్ని లీగుల్లోనూ అంత మంచి ఆట చూడలేదు. ఆ మాట దానికి చెప్పే అర్హత ఆ రోజు నాకు లేకపోయింది.

రైల్లో నా పక్కన కూర్చోలేదు. సిమేయ్‌లో దిగాక మాత్రం అడిగింది.

"రెస్ట్ తీసుకునే ప్లేయర్స్‌ని చూసి నువ్వూ అమ్మమ్మా ఎప్పుడూ నవ్వుతారు కదా. దెన్ వై మీ డిఫరెంట్?"

నేను రైలు కార్డు కోసం సంచిలో వెతుకుతూ గేటు దగ్గరే నిలబడిపోయాను.

తరువాత స్కాన్ తీశారు. మోకాటి లిగమెంట్ సగం తెగిందట. ఆపరేషన్ లేకుండానే, నెలల తరబడి వ్యాయామంతో బాగయ్యే అవకాశం ఉందన్నారు. "ఆ రోజు ఆడి ఉంటే పూర్తిగా తెగేదా?" అని అడిగాను. "తెగేదేమో, తెగేది కాదేమో. ఎవరూ చెప్పలేరు" అన్నాడు డాక్టరు. "సో మేబీ ఐ కుడ్ హావ్ ప్లేడ్" అంది అనన్య, గోడవైపు చూస్తూ. నాకు నిలకడ లేనిది అందుకే. తెగి ఉండేదని ఆయన ఖాయంగా చెబితే ప్రాణం కుదుటపడేది. ఇలా కోరుకునే తల్లి కూడా ఉంటుందా!

ఇంకొక్క మాట, ఇది రాయడానికే ఇంత కాగితం నింపాను. నీ కథలో కప్పు దగ్గర ఆగిపోవడం మనకు అలవాటు. ఆ తరువాతి సంగతి ఎవరమూ చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి నువ్వు మళ్లీ కోర్టులోకి దిగలేదు. ఆ ఏడాది నిన్ను జాతీయ శిబిరానికి పిలిచారని నాన్నగారు ఒకసారి నోరు జారారు. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయావు. చిన్నప్పుడు గుడి మెట్లు ఎక్కేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసేదానివి. అది ముద్దు అనుకున్నాను. కాలేజీ ఆటే గొప్పదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ గొప్పతనం చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లం మనం. కాలు మాత్రం ఆడినవాళ్లదే. ఆడినదానివీ, చప్పట్లు కొట్టినదానివీ నువ్వే కనుక నీకు నాకంటే బాగా తెలియాలి.

నా మీద కోపగించుకో, ఫరవాలేదు. నేను చేసింది ఒప్పని దానితో అనమని అడగడం లేదు. ఒప్పో కాదో నాకే తెలియదు. ఆదివారం దానికి ఫోన్ చేసి, నీ ఫైనల్ అయిన మర్నాటి నుంచి ఏం జరిగిందో చెప్పు. నీ నోటితో, ఏదీ దాచకుండా. నేను చెబితే వినదు.

ఈ సాయంత్రం వ్యాయామం చేస్తూ హఠాత్తుగా అడిగింది, "అమ్మమ్మ నిన్ను బాగా స్కోల్డ్ చేసిందా?" అని. ఇన్నాళ్లకు తనంతట తాను నాతో మాట్లాడడం అదే మొదలు.

"ఇంకా చెప్పలేదే" అన్నాను.

కాలు ఎత్తినది ఎత్తినట్టే ఉంచి పకపకా నవ్వేసింది. "అయ్యో అమ్మా! కోచ్ దగ్గరికి వెళ్లడానికి భయం లేదు, అమ్మమ్మంటే భయమా?"

భయమే అమ్మా. అయినా రాశాను.

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ కూతురు
ప్రసన్నలక్ష్మి