అత్తయ్య గొంతు

ఆదివారం, జగ్గయ్యపేట

నేను చదివి రికార్డు చేసే ఆడియో పుస్తకం దయ్యాలదైనా, ప్రేమకథైనా అన్ని పాత్రలకూ నా ఒక్క గొంతే. అందుకే తెలిసినవాళ్ల మాటతీరు అరువు తెచ్చుకుంటాను. కొత్త నేరకథలో కోడలికి విషం పెట్టే అత్తకు మా అత్తయ్య గొంతే ఇచ్చాను.

ఈరోజు చర్చి నుంచి వచ్చాక ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ కథంతా విన్నారు. కానీ అది తన మాటతీరేనని ఆవిడ పోల్చుకోలేదు.

"అదేం ముసల్దే తల్లీ! దాని గొంతు వింటేనే ఒళ్లు మండిపోతంది. ఆ పిల్ల ఎట్టా కాపరం చేసిందో పాపం!" అన్నారు.

నేను నవ్వలేకపోయాను.

రేపటి ప్రేమకథలో మనవరాలిని ముద్దుచేసే నాయనమ్మ ఉంది. దానికీ అత్తయ్య గొంతే పెడదామని ఇందాక ప్రయత్నించాను. ఆ గొంతులో ముద్దుమాట ఎలా పలుకుతుందో నాకు తెలియలేదు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ ఎప్పుడూ అనలేదా, నేనే వినలేదా?