మాట్లాడని కాకి

అత్తయ్యకు మీ కోడలు నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. మీ అబ్బాయికి పట్టిన జలుబు తప్ప ఇంటికి కొత్తగా ఎవరూ రాలేదు. వదిన లేచి తిరుగుతోందనీ, పసిదానికి రాత్రికీ పగటికీ తేడా తెలిసొచ్చిందనీ చదివి మనసు కుదుటపడింది. ఆ ముక్క ఆయన రెండుసార్లు చదివించుకుని, "అయితే అమ్మ ఇక వచ్చేస్తుందన్నమాట" అన్నారు.

మీరు అడిగినవి చెబుతాను. కుట్టుమిషనుకు నూనె వేశాను. వంటింటి కిటికీ గొళ్లెం సంగతి మీ అబ్బాయినే అడగండి, నేను అడిగి అలసిపోయాను. మీరు మా బడికి కుట్టిచ్చిన చేతిబొమ్మల్లో ఎలుగుబంటికి చెవి ఊడితే నేనే అతికించి కుట్టాను. మీ చేతికుట్టు ఎక్కడ, నాది ఎక్కడ! పాపం, అది ఒక పక్క చెవుడు వచ్చినట్టు తల వాల్చుకుని ఉంటోంది.

చివర్లో అడిగారు కదా, "నా కాకి ఏ మాట అన్నప్పుడు ఎక్కువ నవ్వారు?" అని. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది.

మా బడి సంగతి మీకు తెలిసిందే. సగం చదువు మన భాషలో, సగం ఇక్కడి భాషలో. అందుకే లైబ్రరీ పీరియడునీ బొమ్మల పీరియడునీ కలిపి ఆ బొమ్మలాట తయారు చేశాను. ఎలుగుబంటి ఇక్కడి భాష మాట్లాడాలి, కాకి మన భాష మాట్లాడాలి. ఒకరి మాట ఒకరికి అర్థంకాక తగువు పడాలి. కాకి మాటలన్నీ మీరు కూరగాయలు తరుగుతూ చెబుతుంటే నేను నవ్వలేక కత్తిపీట పక్కన పెట్టించాను. "ఒరేయ్ బొచ్చు మహారాజా, నీది కడుపా, కన్నం పడ్డ గోనెసంచా?"

కాకిని ఆడించింది మేం పిచ్చుక అని పిలిచే అమ్మాయి. మీకు చెప్పానే, లైబ్రరీలో మూల బల్ల దగ్గర కూర్చుని నోరు విప్పని పిల్ల. మీ కాకి చేతికి తొడుక్కోగానే ఆ పిల్లకు ఎక్కడలేని గొంతూ వచ్చింది. పక్క గదిలో లెక్కలు చెప్పే ఆయన వచ్చి, "మీ కాకిని కాస్త మెల్లగా తిట్టమనండి" అని బతిమాలుకునేవాడు.

బడి వార్షికోత్సవం రోజు పాటలవాళ్లు పాడుతూనే ఉండిపోయారు. మా వంతు వచ్చేసరికి హెడ్‌మిస్ట్రెస్ తెర వెనక్కి వచ్చి, "అతిథులు వెళ్లాలి, కాస్త కుదించండి" అంది. నేను పిచ్చుక దగ్గరకు వెళ్లి, "కాకి ఈరోజు మాట్లాడదమ్మా, ఊరికే ఎగరనీ" అన్నాను. ఎందుకని అడగలేదు ఆ పిల్ల. ఎగరేసింది. ఎలుగుబంటి ఒక్కటే మాట్లాడింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఫోనులో మీకు "బ్రహ్మాండంగా జరిగింది" అన్నది ఆ చప్పట్ల గురించే.

అయిపోయాక పిచ్చుక వాళ్ల నాన్న వచ్చాడు. బస్సు నడుపుతాడు, డ్యూటీ మధ్యలో ఆ యూనిఫాంతోనే వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడట.

"మా పాప ఏ బొమ్మండీ?"

"కాకి."

"కాకి ఏం మాట్లాడలేదుగా?" అని అడిగి, "ఇంట్లో తెగ మాట్లాడుద్దండీ. నన్నే గోనెసంచా అంటది" అని నవ్వాడు.

"టైం లేదన్నారండీ" అన్నాను.

అత్తయ్యా, అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ కుదించమంది గానీ కాకి నోరు మూయమనలేదు. ఎలుగుబంటి మాటలు సగం, కాకి మాటలు సగం తీసేస్తే సరిపోయేది. ముందు వరసలో కూర్చున్న ఆ ఇస్త్రీ బట్టలు చూసి నాకు సిగ్గేసింది. ఆ గోనెసంచులూ ఆ బొచ్చు మహారాజులూ వాళ్ల చెవిన పడితే మన భాషంటే ఇంతేనా అనుకుంటారనిపించింది. మీ మాటలు మన వంటింట్లో ముద్దొచ్చాయి, వేదిక మీద నాకే నామోషీ అయ్యాయి. ఈ మాట ఆయనకు కూడా చెప్పలేదు.

దిద్దుకుందామని మొన్న లైబ్రరీలో చిన్న తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి, ఆట మొత్తం ఆడదామన్నాను. పిచ్చుక సరేనంది. తెర లేచింది. కాకి నోరు తెరిచింది, ఇక్కడి భాషలో! ఒక్క తప్పు లేదు. తిట్లు లేవు. "అయ్యా ఎలుగుబంటి గారూ, మీరు ఎక్కువ తింటున్నారు" అన్నట్టుగా ఎంతో మర్యాదగా ఉంది. ఇంట్లో కూర్చుని ఒక్కతే అంతా మార్చుకుందట. పిల్లలు చప్పట్లు కొట్టారు గానీ ఎవరూ నవ్వలేదు.

నా దగ్గరకు వచ్చి, "ఇప్పుడు బాగుందా టీచర్?" అంది.

నా ప్రాణం చివుక్కుమంది. కింద కూర్చుని, "ముందుదే బాగుందమ్మా" అన్నాను.

"మరి వాళ్లకి నచ్చదని ఆపేశారుగా?"

"వాళ్లు ఏమీ అనలేదు. నాకే సిగ్గేసింది. తప్పు నాది."

పిచ్చుక నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాకు సిగ్గెయ్యలేదు" అంది. ఇంకోసారి ఆ మాటలతో ఆడతావా అంటే, "ఆలోచిస్తాను టీచర్" అని పెద్దమనిషిలా బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. సాయంత్రం బస్సు ఆగే చోటికి వెళ్లి వాళ్ల నాన్నకూ నిజం చెప్పాను. ఆయన ఈసారి నవ్వలేదు. "చెప్పారు, అది చాలండీ" అని బస్సెక్కాడు.

మీరు తిరిగొచ్చాక ఒక్కసారి మా లైబ్రరీకి రండి. పిల్లల ముందు కూర్చుని ఆ మాటలు మీ నోటితోనే చెప్పండి. నేను చెబితే పిచ్చుక ఇక నమ్మదు, నమ్మకపోవడమే న్యాయం. అంతకంటే ముందు నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మర్యాదగా మాత్రం తిట్టకండి, తట్టుకోలేను.

ఇట్లు,
మీ ముందు తలెత్తలేక,
మీ కోడలు