కడగని పళ్ళకు ఒక అర

జనవరి 9
శంకర్ నగర్ బజారు నుంచి రెండు డబ్బాల స్ట్రాబెర్రీలు. రేఖకు ఏడో నెల, రక్తం తక్కువ. ఐరన్ మాత్రతో పాటు పుల్లటి పండు తినాలట. నెలాఖరు పరీక్షలోనూ పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కిస్తామంది డాక్టరమ్మ. నారింజ, ఉసిరి, నిమ్మరసం... అన్నీ కక్కేస్తోంది కోడలు. ఇవొక్కటే ఇముడుతున్నాయి.
పెరటి కుళాయి దగ్గర ఉప్పు, పసుపు నీళ్ళలో కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను.

జనవరి 11
బూజు. సగం పారబోశాను. పాతవి అంటగట్టాడు దుకాణం వాడు.

జనవరి 12
వేరే దుకాణం. రెండుసార్లు కడిగాను.

జనవరి 14
మళ్ళీ అదే. మనవరాలు పింకీ పక్కన నిలబడి — "నానమ్మా, నువ్వు వాటికి తలంటు పోస్తున్నావు. జలుబు చేసింది." ఎనిమిదేళ్ళకే ఇంత నోరు. రేఖ నవ్వు ఆపుకుంది. తర్వాత మెల్లగా, "మమ్మీజీ, కడగకుండానే పెడదాం. తినేముందు ధో లేంగే, కడుక్కుందాం."
ఆరంగ్‌లో వాళ్ళ పుట్టింట్లో ఎలా చేస్తారో నాకు తెలియదు. ఇక్కడ బజారు సరుకు కడగకుండా వంటగది గడప దాటదు. ఆ ఫ్రిజ్‌లోనే దేవుడి పాలు. చెప్పాను. ఊరుకోవలసింది. "నీ నోటి రుచి కోసం ఇల్లంతా మైల చేసుకోమంటావా?" అని కూడా అన్నాను.
రేఖ తన గదిలోకి వెళ్ళిపోయింది.

జనవరి 17
బి.ఎస్సీ. చదివినదాన్ని. చూసి తేల్చుకోవాలి. ఒక డబ్బా కడిగాను. ఇంకొకటి కడగకుండా, పొడి కాగితం పరిచి, పళ్ళు ఒకదానిమీద ఒకటి పడకుండా సర్ది, కింది అరలో. ఎవరికీ చెప్పలేదు.

జనవరి 20
కడిగినవి మెత్తబడి, బూజు. కడగనివి ఇవాళ తెచ్చినట్టే ఉన్నాయి.
ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియదు. పాలగిన్నె బయటికి తీశాను. ఇకనుంచి దేవుడికి పొద్దున వచ్చిన పాలే.

జనవరి 21
అప్పటికప్పుడు కడిగి గిన్నెలో ఇచ్చాను. "వద్దు మమ్మీజీ. పింకీకి ఇవ్వండి." మాత్ర ఉత్త నీళ్ళతో మింగేసింది. వికారమా అంటే కాదంది.

జనవరి 23
ఇవాళా వద్దంది. దుప్పటి మడతపెడుతూ, "ఇల్లు సాఫ్‌గా ఉండనీయండి."
నా మాటే. నాకే.
"ఏమైందమ్మా?" అన్నాడు అబ్బాయి. అరుచి అన్నాను. అబద్ధం.

జనవరి 27
ఎల్లుండి రక్తపరీక్ష. తప్పు నాది అనడానికి రెండు మాటలు చాలు. అనలేకపోయాను.
రేఖ వంటగదిలోకి వచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి చూపించాను. "కడగలేదు. నువ్వు చెప్పినట్టే పెట్టాను."
"మరి దేవుడి పాలు?"
"ఆయనకేం రక్తం తక్కువ లేదు."
రేఖ ఒక పండు తీసుకుని కుళాయి తిప్పింది. ఇంతలో పింకీ పిలిచింది... వెళ్ళిపోయింది.
పండు సింకు గట్టు మీద ఉంది. కడిగి ఉంది. వచ్చి తింటుందేమోనని నేను ముట్టుకోలేదు.