సిద్దమ్మ గొంతు

అనంతపురం,
14 మార్చి 1999

దాసప్పన్నా,

మీ సిద్దమ్మను చూసుకుంటున్న నర్సును. ఈ ఉత్తరం ఎవరిచేతనైనా చదివించుకోండి.

గొర్రెలను వదిలి ఉండలేక మీరు కంబదూరుకు బయలుదేరుతూ, "ఆపరేషనైతే గొంతు పోదు గదమ్మా?" అని అడిగారు. ఆ రోజు డాక్టరు గారిని అడగమన్నాను. ఇప్పుడు చెబుతున్నాను, పోలేదు.

నిన్న థైరాయిడ్ గడ్డ తీసేశారు. మెలకువ రాగానే మాట వస్తోందో లేదో చూడటం మా పని. మామూలుగా పేషెంటు పేరే అడుగుతాను. నిన్న సరదాకి, "మీ ఆయన పేరేంటి?" అన్నాను. సిద్దమ్మ నోరు తెరవలేదు. మళ్లీ అడిగితే మొహం తిప్పుకుంది. గొంతు నరం దెబ్బతిందేమోనని డాక్టరు గారిని పిలిపించాను. ఆయన పరుగున వచ్చారు.

పక్క మంచం మీది అవ్వ నన్ను కసిరింది. "మొగుని పేరు యాడన్నా చెప్తారా తల్లీ!"

తప్పు నాదే. "సరే, మెల్లగా గొర్రెల్ని పిలువు" అన్నాను. మెల్లగా పిలవడం ఆమెకు చేతకాదని అప్పుడు తెలిసింది. వార్డంతా తిరిగి చూసింది.

గురువారం వచ్చి తీసుకెళ్లండి. మాత్ర రోజూ పరగడుపునే వేయించాలి. "టీ ఏమన్నా తిండా?" అని ఆమె అంటే నేను ఒప్పుకోను, టీ కూడా తర్వాతే. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే తీసుకురండి.

గంటకోసారి గొంతు పరీక్షించే పని నాకు తప్పింది. "ఆయప్ప ఎప్పుడొస్తాడు?" అని మీ గురించి గంటకోసారి ఆమే అడుగుతోంది.

వార్డు నర్సు